పశువుల పాకలో పిల్లి

కంచన్‌బాగ్ వెనక బస్తీలో లీలమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ గుర్తులు చెప్పరు, వాసన పట్టుకుని పొమ్మంటారు. ఫినాయిల్ వాసన. గేటు దగ్గర మొదలై వరండా, ముందు గది, వంటిల్లు దాటుకుని వెనక బాత్రూమ్ దాకా ఒక్క జానెడు చోటు వదలకుండా పరుచుకుని ఉంటుంది. సైకిలు మీద యాసిడ్, ఫినాయిల్ అమ్మే అతను ఆ సందులో ఎవరింటి ముందైనా కేకేస్తాడు గానీ లీలమ్మ ఇంటి ముందు మాత్రం కేకెయ్యడు. స్టాండేసి, అడక్కుండానే సీసాలు దింపుతాడు.

ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. వార్డులు కడిగిన చేతులు ఇంట్లో ఊరుకుంటాయా? భర్త డానియేలు మెటల్ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ఉద్యోగమంతా గడిపి వచ్చాడు, ఆయన ముక్కుకు ఏ వాసనా ఆనదు. కొడుకు జోయెల్ పుట్టిందీ పెరిగిందీ ఆ వాసనలోనే. కనుక ఈస్టర్ తర్వాత జోయెల్ పెళ్లై షారోన్ కాపురానికి వచ్చేదాకా ఆ ఇంట్లో ఫినాయిల్ గురించి ఎవరూ ఆలోచించిందే లేదు.

షారోన్ ఒక్కతే రాలేదు, చేతిబుట్టలో పిల్లిని కూడా తెచ్చుకుంది. వేయించిన సేమ్యా రంగులో ఉంటుంది కాబట్టి దాని పేరు సేమ్యా. లీలమ్మకు పిల్లులంటే గిట్టదు. అయినా నోరు మెదపలేదు. ఎందుకంటే కోడలంటే ఆమెకు మొదటి చూపులోనే ప్రాణమైపోయింది. ఆడపిల్లలు లేని ఇల్లు. కూతురులా తిరగాలని, వంటింట్లో పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలని ఎంత ఆశో! కానీ ఆ పిల్లది సంతోష్‌నగర్‌లో రక్తపరీక్షల సెంటర్‌లో కౌంటర్ దగ్గర ఉద్యోగం. పొద్దున లేవగానే గబగబా చీరో చుడీదారో వేసుకుని, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఉరుకుతుంది. సెంటర్ తలుపులు తీయకముందే వెళ్లి గడప దగ్గర నిలబడుతుందట. ఎంత పనైనా అంత తొందరేమిటి? ఈ ఇల్లు నచ్చలేదేమోనని లీలమ్మకు లోపల ఒకటే దిగులు. మెత్తగా మాట్లాడుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది, అంతే. మనసారా నవ్వేది పిల్లితోనే.

డిసెంబర్ వచ్చేదాకా సేమ్యా మీద చెప్పుకోవడానికి ఒక్క ఫిర్యాదు లేదు. వెనక వాకిట్లో ప్లాస్టిక్ టబ్బులో షారోన్ ఇసుక పోసి పెట్టింది. పిల్లి అందులో తన పని చూసుకుని, చక్కగా కప్పెట్టుకుని వచ్చేది. పొద్దున్నే షారోన్ ఎత్తి పారేసేది.

పండగ నెల పడగానే మొదలైంది లొల్లి. మొదట జోయెల్ కంపెనీ యూనిఫాం మీద పోసింది. తర్వాత గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా మీద. ఆ తర్వాత, అబ్బో, లీలమ్మ పండక్కని మడతపెట్టి ఉంచుకున్న కొత్త దుప్పటి మీద! "దీని పాడుగాను!" అని లీలమ్మ గుడ్డ తెచ్చి, సీసా మూత తీసి, పోసిన చోటల్లా ఫినాయిల్‌తో రుద్ది రుద్ది కడిగింది. షారోన్ మొహం ఎర్రబడి, "సారీ అత్తమ్మా" అని తలవంచుకుంది.

పాపం, ఆ పిల్ల పరేషానై పిల్లిని డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లింది. ఆయన పొట్ట నొక్కి చూశాడు, పరీక్షలు చేశాడు, రోగమేమీ లేదన్నాడు. పిల్లులకు పగ పట్టడం తెలియదు, కావాలని చెయ్యవు, తిట్టడం కొట్టడం చేస్తే ఇంకా బెదిరిపోతాయి, ఇంట్లో ఏం మారిందో చూసుకోండి అని చెప్పి పంపాడు. ఏం మారింది? గోడలకు సున్నాలేశారు, గేటుకు నక్షత్రం కట్టారు, వచ్చేపోయే జనం పెరిగారు. ఆ సందడికే జడిసిందనుకుని షారోన్ టబ్బును జనం తిరగని చోటికి, బట్టలుతికే బండ పక్కకు జరిపింది. ఏమీ లాభం లేకపోయింది.

అంతలో చర్చి స్త్రీల సమాజం ప్రార్థన లీలమ్మ ఇంట్లో పెట్టుకున్నారు. డానియేలు ఏటా క్రిస్మస్‌కని ముందు గదిలో యేసు పుట్టిన పశువుల పాక కడతాడు. పాత చెక్కలతో కప్పు, రేకు ముక్కలు కత్తిరించి చేసిన ఆవులూ గొర్రెలూ, కింద జల్లించిన మెత్తటి ఇసుక, దాని మీద ఎండుగడ్డి. బస్తీలో అలాంటి పాక ఇంకోటి లేదు. పాటలయ్యాయి, బైబిల్ వాక్యమైంది. పాస్టరమ్మ ముచ్చటపడి, బాలయేసును దగ్గరగా చూద్దామని మోకాళ్ల మీద వంగి, ఠక్కున ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

అందరూ చూశారు. గొర్రెలు రెండు వెల్లకిలా పడి ఉన్నాయి. గొల్లవాడు మెడదాకా ఇసుకలో కూరుకుపోయి ఉన్నాడు. పక్కన నీటుగా గుట్టచేసిన ఇసుక, ఆ ఇసుక కింద ఏముందో చెప్పక్కర్లేదు.

"పాక అన్నంక పశువులుంటయ్. పశువులున్న కాడ గిట్లనే ఉంటది," అన్నాడు డానియేలు, వాతావరణం తేలిక చేద్దామని. ఒకరిద్దరు ఆడవాళ్లు కొంగులో మొహం దాచుకుని నవ్వారు కూడా. కానీ లీలమ్మకు మాత్రం నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. లీలమ్మ ఇల్లు! శుభ్రానికి పెట్టింది పేరు!

వాళ్లు గేటు దాటగానే ఆమె విరుచుకుపడింది.

"ఇగ నాతోని కాదు బిడ్డా. నా తలకాయ తీసేసినట్టయింది. నాకు తమ్ముడయ్యే భిక్షపతికి జహనుమా బస్తీల బర్ల కొట్టం ఉన్నది. ఆడ పాలకు కొదవ లేదు, ఎలుకలకు కొదవ లేదు. శనివారం పొద్దుమూకంగ వచ్చి తీస్కపొమ్మంట."

షారోన్ ఎదురు చెప్పలేదు, ఏడవనూ లేదు. "సరే అత్తమ్మా," అంది. ఆ సరే అనడమే లీలమ్మ గుండెల్లో గుచ్చుకుంది. అంతకన్నా నాలుగు మాటలు గట్టిగా అన్నా బాగుండేది. శనివారానికి ఇంకా రెండు రోజులు. జోయెల్ తల్లి మొహం చూడకుండా అన్నం తిని లేచిపోయాడు. పిల్లి పోతే దానితోపాటు ఈ పిల్ల మనసు కూడా ఇంట్లోంచి పోతుందని లీలమ్మకు తెలుస్తూనే ఉంది. కానీ అన్న మాట అనేసింది, పాస్టరమ్మ ముక్కు మూసుకోవడం కళ్లారా చూసింది. ఏం చేస్తుంది మరి?

శనివారం మధ్యాహ్నం. కొడుకూ కోడలూ డ్యూటీలకు పోయారు. డానియేలు భోంచేసి కునుకు తీస్తున్నాడు. లీలమ్మ వెనక వాకిట్లో పిల్లి టబ్బు ముందేసుకుని కూర్చుంది.

ఇక్కడ షారోన్‌కు తెలియని సంగతొకటి ఉంది. పండగ నెల మొదలైనప్పటి నుంచీ, వచ్చేవాళ్లకు పిల్లి వాసన తగలకూడదని, లీలమ్మ రోజూ ఆ టబ్బును ఫినాయిల్‌తో తళతళలాడేలా కడిగి, కొత్త ఇసుక పోసి, పైన ఒక మూతెడు ఫినాయిల్ చిలకరిస్తోంది. కోడలికి శ్రమ తప్పుతుందని కూడా ఒక ఆలోచన. చెబితే మొహమాటపడి వద్దంటుందని చెప్పలేదు. ఇల్లంతా అదే వాసనైతే టబ్బులో వాసన ప్రత్యేకంగా ఎవరికి తెలుస్తుంది?

ఆ రోజు కూడా అలవాటు ప్రకారం కడిగి, ఇసుక పోసి, చిలకరించి, చాటలో బియ్యం పోసుకుని ఏరుకుంటూ కూర్చుంది. సేమ్యా వచ్చింది. ఆమెను చూసి కాస్త ఆగి, టబ్బు దగ్గరికి నడిచింది. అంచు మీద ఒక కాలు పెట్టింది. వాసన చూసింది. మొహం అదోలా పెట్టి, తుమ్మి, తడి తగిలిన కాలు విదిలించుకుంది. వెనక్కి వెళ్లి కూర్చుంది. మళ్లీ వచ్చింది. మళ్లీ కాలు పెట్టి, మళ్లీ తీసేసింది. దానికి అవసరం ఆగట్లేదు. ఇటు తిరుగుతుంది, అటు తిరుగుతుంది, సన్నగా మూలుగుతుంది.

"ఏమైందే నీకు? గంత శుభ్రంగ కడిగితే నకరాలా?" అంది లీలమ్మ.

పాకలో మార్చడానికని డానియేలు కొత్త ఇసుక తెచ్చి గోడవారగా బేసిన్‌లో పోసి ఉంచాడు. దానికి ఫినాయిల్ తగల్లేదు. పిల్లి ఒక్క దూకు దూకి అందులో దిగింది. గబగబా గుంట తీసింది. కూర్చుని పని కానిచ్చింది. తిరిగి వాసన చూసి ఇసుక కప్పింది. చాలదనిపించిందేమో, మళ్లీ చూసి, ఇంకా దూరం నుంచి ఇసుక లాక్కొచ్చి కప్పింది. బయటికొచ్చి ఒక్కో కాలూ ఎత్తి నాక్కుని శుభ్రం చేసుకుంది.

లీలమ్మ చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయాయి. వార్డులో ఎంతమంది ఆయాలను చూసింది! ఇంత పట్టింపుగా పని చేసినవాళ్లు ఎందరున్నారని? గలీజు పిల్లి, గలీజు పిల్లి అని తను తిట్టిపోసిన ఈ పిల్లికి శుభ్రం పిచ్చి తనకన్నా ఒక పాలు ఎక్కువే. కూర్చునే చోట ఘాటు పోసి తరిమేసింది ఎవరు? దుప్పటి మీద పోసిందంటే, పట్టా మీద పోసిందంటే, చివరికి పాకలో దూరిందంటే, పోనీ, ఇంకెక్కడికి పోవాలది?

"అయ్యో దేవా," అంది పైకే. "చేసిందంత నేనే గద!"

సాయంత్రం దాకా ఏరిన బియ్యమే మళ్లీ మళ్లీ ఏరుతూ కూర్చుంది. నోరు మూసుకుంటే ఈ సంగతి ఎవరికీ తెలియదు. పిల్లి వెళ్లిపోతుంది, తన పేరు నిలుస్తుంది. చెబితే కోడలి ముందు చులకనవ్వాలి. రేపు ఇదే మాట బస్తీ అంతా పాకుతుంది. ఆయమ్మ ఫినాయిల్ పోసి పిల్లిని వెళ్లగొట్టిందట అని నవ్వుకుంటారు. చెప్పనా, మాననా?

పొద్దుగూకుతుండగా భిక్షపతి మూతున్న గంప భుజాన పెట్టుకుని వచ్చాడు. లీలమ్మకు చిన్నప్పటి ఇరుగుపొరుగు, తమ్ముడి వరస. అప్పటికే షారోన్, జోయెల్ ఇల్లు చేరారు. షారోన్ పిల్లి గిన్నె కడిగి, అది పడుకునే పాత చున్నీ మడిచి, రెండూ ఒక సంచిలో పెట్టి తెచ్చింది. పిల్లిని చంకన ఎత్తుకుని ఉంది.

"బాబాయ్, ఉత్త పాలు పోస్తే దీనికి పడవు. జర నీళ్లు కలపండి," అంది భిక్షపతితో. అంటూనే పిల్లిని ఇంకా దగ్గరికి హత్తుకుంది.

అంతే. లీలమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆగు తమ్మీ, గంప దించకు," అంటూ ముందుకొచ్చింది. "పిల్లి తప్పేం లేదు. తప్పంత నాదే. రోజు మీరు పోయినంక గా టబ్బుల ఫినాయిల్ పోసింది నేనే. ఇసుక మీద కూడ చల్లిన. మంచిదే చేస్తున్న అనుకున్న బిడ్డా. ఇయ్యాల నా కండ్లతోని చూసిన. గా ఘాటుకు పాపం కాలు గూడ పెట్టలేక ఏడ్చింది."

ముందుగా డానియేలు, "నేను చెప్పలే? పాకల పశువుది తప్పుండదని," అన్నాడు. ఎప్పుడూ చెప్పలేదు, కానీ ఆయనకు అలా అనడం అలవాటు.

షారోన్ అత్త వైపు తిరిగింది. కోపం వస్తుందేమో, వస్తే రానీ, పడదాం అనుకుంది లీలమ్మ. ఆ పిల్ల పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకుంటే నవ్వు. పిల్లి మీదికి వంగిపోయి, భుజాలు కదిలేలా ఒకటే నవ్వు, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏందే గంత నవ్వు?" అంది లీలమ్మ కంగారుగా.

"నాక్కూడ అంతే అత్తమ్మా," అంది షారోన్, ఊపిరి తీసుకుంటూ. "ఆ బాత్రూమ్‌ల పోతే కండ్లు మండుతయ్. దగ్గొస్తది. నీళ్లు పోస్కొని ఉరికొస్త. మిగతయన్ని సెంటర్ కాడనే. అందుకే గంత పొద్దుగాల పోతున్న. వాచ్‌మెన్‌తోని లేడీస్ బాత్రూమ్ తాళం తీపిచ్చుకుంట."

లీలమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. ఈస్టర్ పోయి క్రిస్మస్ వచ్చింది. ఇన్నాళ్లూ ఈ పిల్ల, తన ఇంటి పిల్ల, ఆ పని కోసం పొద్దున్నే బస్సెక్కి సంతోష్‌నగర్ పోతోంది! తనేమో ఇల్లు నచ్చలేదని, తను నచ్చలేదని కుమిలిపోతోంది. సిగ్గూ జాలీ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చి ఏం చెయ్యాలో తోచక కోడలి నెత్తి మీద మెల్లగా ఒకటి మొట్టింది.

"నోరు లేదానే నీకు? చెప్పొద్దా?"

"కొత్త కోడల్ని. ఫినాయిల్ వద్దని ఎట్ల చెప్త అత్తమ్మా?"

"పిల్లి చెప్పలేదా? పాస్టరమ్మ ముంగట, నడింట్ల చెప్పింది. దానికున్న ధైర్యం నీకు లేకపాయె!"

అప్పుడు అందరూ నవ్వారు. జోయెల్ అప్పటికప్పుడు డాక్టర్‌కు ఫోన్ కలిపాడు. అసలు ఆ మందు పిల్లులకు విషమని, కాళ్లకు అంటితే నాక్కుంటాయి కాబట్టి కడుపులోకి పోతుందని, ఉత్త సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెడితే చాలని ఆయన చెప్పాడు. ఆ మాట విన్నాక లీలమ్మ లోపలికెళ్లి మంచం కింద, కిటికీ వెనక, ఎక్కడెక్కడివో సీసాలన్నీ తెచ్చి భిక్షపతి గంపలో పెట్టింది. వచ్చినందుకు ఉత్త చేతులతో పోకుండా కొట్టం కడుక్కోమని ఇచ్చింది. ఒక్క సీసా మాత్రం బియ్యం డబ్బా వెనక దాచుకుంది. చూసీ చూడనట్టు డానియేలు తల తిప్పుకున్నాడు.

సోమవారం పొద్దున్నే జోయెల్ బాత్రూమ్ తలుపు బాదుతున్నాడు. లోపల నీళ్ల చప్పుడుతో పాటు సన్నగా క్రిస్మస్ పాట వినిపిస్తోంది.

"షారోన్! ఎంతసేపు? నాకు షిఫ్టుకు టైమైతున్నది! మమ్మీ, జర చెప్పు!"

లీలమ్మ పొయ్యి మీద దోసె తిప్పుతూ అక్కడి నుంచే కసిరింది.

"లొల్లి పెట్టకు! పిల్లను నిమ్మళంగ రానియ్యి. గంత తొందరుంటే నువ్వే పో, మీ కంపెనీల!"