చెక్కనేల మీద పిలుపు

ముప్పై నాలుగేళ్లొచ్చినా ఇంట్లో ఆమె ‘చిన్నది’ గానే మిగిలిపోయింది. పుట్టు చెవుడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, తన జీతం తాను తెచ్చుకుంటుంది. అయినా బ్యాంకుకు వెళ్లాలంటే అన్నయ్య రావాలి, డాక్టరుతో వదిన మాట్లాడాలి. చెవులు వినబడని పెద్దవాళ్లకు సొంతంగా బతకడం నేర్పే కేంద్రంలో చేరి, ఏడాది తిరక్కుండానే వేరే ఇల్లు చూసుకుంటానని చిన్నది చెప్పినప్పుడు అన్నయ్య నెత్తిన పిడుగు పడ్డట్టయింది. కొన్నాళ్లు అలిగాడు. చివరికి, నెల తిరక్కుండా నువ్వే తిరిగొస్తావు చూడు అని పెదాలు సాగదీసి మరీ చెప్పి, సామాను మాత్రం తానే మోశాడు.

ఇల్లు వెతికిపెట్టింది కేంద్రంలో పాఠాలు చెప్పే సొట్టబుగ్గ. ఆమెకూ వినబడదు. బుగ్గ మీద వేలు గుచ్చి తిప్పితే సైగల్లో అదే ఆమె పేరు. బయట గంట నొక్కితే గదిలో బల్బు వెలిగేలా అమర్చింది. దిండు కింద అదిరే అలారం పెట్టింది. పాత మేడ, పై అంతస్తు, చెక్కనేల. మనకు చెక్కనేలే మంచిది, ఎవరొచ్చినా కాళ్లకు తెలుస్తుంది అంది.

తెలిసింది కూడా. ఒక మధ్యాహ్నం చిన్నది ఉల్లిపాయలు తరుగుతుంటే అరికాళ్ల కింద నేల రెండుసార్లు అదిరింది. చిన్నప్పుడు చెవిటి పిల్లల బడి హాస్టల్లో ఆడపిల్లలు ఒకరినొకరు పిలుచుకునేది అలాగే, మడమతో నేలను తన్ని. అలవాటు కొద్దీ నవ్వు మొహంతో వెనక్కి తిరిగింది. తిరిగాక గుర్తొచ్చింది, ఇంట్లో తానొక్కతే అని. వేసిన గడియ వేసినట్టే ఉంది. బల్బు వెలగలేదు. కిటికీ పక్క మూలలో ఎండ మాత్రం పడి ఉంది.

మర్నాడు మళ్లీ. ఆ మర్నాడూ మళ్లీ. ప్రతిసారీ ఆ మూల నుంచే. పైన డాబా తప్ప ఏమీ లేదు. కింద ఉన్నది ఇంటి యజమాని పాత సామాన్ల గది. ఫోన్లో రాసి చూపించి ఆయన చేత తాళం తీయించింది. దుమ్ము మందంగా పేరుకుని ఉంది, ఎలుక నడిచిన జాడైనా లేదు. ముసలాయన ఆమెను ఎగాదిగా చూసి ఏదో గొణుక్కున్నాడు. ఆ రాత్రి చిన్నది లైటు ఆర్పకుండా పడుకుంది. అయినా అన్నయ్యకు చెప్పలేదు. ఆయన కాచుక్కూర్చున్నదే అందుకు.

సొట్టబుగ్గకు చెప్పింది. ఆమె వచ్చి, చెప్పులు విప్పి కూర్చుంది. లాండ్రీలో కొత్త సూపర్‌వైజరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతాడని చిన్నది వాపోతుండగా నేల అదిరింది. ఇద్దరి తలలూ ఒక్కసారే మూల వైపు తిరిగాయి. సొట్టబుగ్గ చేతులు మెల్లగా కదిలాయి.

“నీకు ముందు ఇక్కడ ఒకాయన ఉండేవాడు. మనలాంటివాడే. నలభై ఏళ్లదాకా ఆయనకు ఒక్క సైగ నేర్పినవాళ్లు లేరు. మా దగ్గర నేర్చుకున్నాక ఇంక చేతులు ఆపితే ఒట్టు. నేను గడప దాటుతుంటే నేల తన్ని వెనక్కి పిలిచేవాడు, ఇంకో మాటుందని.”

“ఏమయ్యాడు?”

“జబ్బు చేసి ఆసుపత్రిలో పడ్డాడు. గొట్టాలు పీకేస్తున్నాడని చేతులు మంచానికి కట్టేశారట. నేను వెళ్లేసరికే పోయాడు. కట్లు ఇంకా విప్పలేదు.”

చిన్నది మళ్లీ మూల వైపు చూసింది. చేతులు కట్టేస్తే పిలవడానికి మిగిలేది కాళ్లే.

ఇల్లు మారుద్దామంది సొట్టబుగ్గ. ఆలోచించి చెబుతానంది చిన్నది. ఆలోచించే తీరిక దొరకలేదు. మీ చెల్లెలికి మతి చలించినట్టుందని యజమాని అన్నయ్యకు ఫోన్ చేశాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం బల్బు అదేపనిగా వెలిగి ఆరింది. తలుపు తీస్తే అన్నయ్య. కింద వీధిలో వ్యాను. చిన్నది మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన సగం మాటలతో, సగం చిన్నప్పట్నుంచీ ఇంట్లో వాడే సైగలతో, ఆడిన ఆట చాలు, సామాను సర్దు అన్నాడు.

అప్పుడే గ్లాసులో నీళ్లు వణికాయి. చిన్నది చటుక్కున మూల వైపు తిరగడం ఆయన చూశాడు. నీళ్లనీ చూశాడు. చెవులు రిక్కించాడు. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. బూట్లు విప్పమని చిన్నది సైగ చేసింది. ఎందుకో ఎదురు చెప్పకుండా విప్పాడు. నేల మళ్లీ అదిరింది. ఆయన రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.

“ఎవరది?” ఆయన పెదాల మీద ఆ మాట స్పష్టంగా కనిపించింది.

చిన్నది మూలకు నడిచింది. కూర్చుని, మనిషి మణికట్లు ఉండేచోట గాలిలో ఒక ముడి విప్పింది. తర్వాత రెండోది. ఎండలో కూడా అక్కడ గాలి ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగా తగిలింది. చెప్పండి, చూస్తున్నాను అంది చేతులతో.

గోడ మీది ఎండలో రెండు చేతుల నీడలు లేచాయి. వేళ్లు మొదట తిమ్మిరెక్కినట్టు కదిలాయి, తర్వాత ఊపందుకున్నాయి. అన్నయ్య ఆ గోడనీ, చిన్నదాని ఒళ్లో ఊరికే ఉన్న చేతులనీ మార్చి మార్చి చూశాడు. పారిపోవాలంటే కాళ్లు కింద పెట్టాలి. ఆయనకు అదే చేతకాలేదు.

“ఏమంటున్నారు?” అని అడిగాడు చివరికి.

చిన్నది ఆయనకు తెలిసిన ఇంటి సైగల్లోనే చెప్పింది. “దాహమేసిందట. నీళ్లడగడానికే చెయ్యెత్తాడట. గొట్టం పీకడానికి కాదు.”

ఎండ ఆ గోడ మీంచి తప్పుకునేదాకా నీడలు మాట్లాడుతూనే ఉన్నాయి. డాబా మీద ఆరేసి మరిచిన చొక్కా, ఎవరికో ఇచ్చిన గొడుగు, ఆసుపత్రిలో పక్కమంచం మనిషి పేకాటలో చేసే మోసం, అన్నీ అలాంటి కబుర్లే. నవ్వొచ్చినచోట చిన్నది నవ్వింది కూడా.

ఆ తర్వాత నేల ఎప్పుడూ అలా అదరలేదు. వ్యాను ఖాళీగానే వెళ్లింది. చిన్నది ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటోంది, బ్యాంకుకు తానే వెళ్తోంది. అన్నయ్య సొట్టబుగ్గ దగ్గర సైగలు నేర్చుకుంటున్నాడు. వేళ్లు ఒక పట్టాన వంగవు, ఒకటనబోయి ఇంకొకటంటాడు, చిన్నది పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది. ఆదివారాలు వచ్చి చాలాసేపు కూర్చుంటాడు. ఆ మూలకు వీపు పెట్టి మాత్రం కూర్చోడు.