చివరి గదిలో ఎవరూ లేరు

లుబ్వామాకు అత్తగారంటే భయమని ఆసుపత్రి అంతా అనుకునేది. భయం కాదు, మర్యాద అనేవాడు అతను. ఆ రెంటినీ విడదీసి చూడాల్సిన అవసరం అప్పటిదాకా ఎవరికీ రాలేదు.

మా కంపాలా వైపు జనంలో అల్లుడు అత్తగారికి ఎదురుపడకూడదు. ఆవిడ వస్తుంటే ఇతను పక్క సందులోకి తప్పుకోవాలి. మాట్లాడక తప్పకపోతే మధ్యలో గోడో తలుపో ఉండాలి, ఇద్దరూ చెరోవైపు మొహం తిప్పుకోవాలి. పొరపాటున చెయ్యి తగిలితే ఒళ్ళంతా వణికే జబ్బు పట్టుకుంటుందని పెద్దవాళ్ళు చెబుతారు. కంపాలాలో పుట్టి పెరిగి, దేన్నీ లెక్కచెయ్యని కుర్రాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో కిక్కురుమనరు.

అలాంటిది, అతని అత్తగారు నాలోంగో అరటితోటలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, వచ్చి వచ్చి అల్లుడు పనిచేసే ఆసుపత్రిలోనే చేరింది. కవలల్ని కన్న తల్లి కాబట్టి ఆవిణ్ణి అందరూ నాలోంగో అనే పిలుస్తారు. రెండో అంతస్తులో ఆడవాళ్ళ వార్డు, చివరి గది.

లుబ్వామా పని కింద, రిసెప్షన్ పక్కన గోడకున్న ఎర్ర పెట్టె దగ్గర. ఫైర్ అలారం ప్యానెల్ అది. ఎక్కడ పొగ పుట్టినా ఆ చోటు లైటు వెలిగి, చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. మోగగానే ఒకరు ప్యానెల్ దగ్గర నిలబడాలి. ఇంకొకరు పైకెళ్ళి ప్రతి గదీ కళ్ళారా చూసి వాకీటాకీలో చెప్పాలి. "చూశాను" అన్నాకే ఆ గది ఖాళీ అయినట్టు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం చెప్పేది లుబ్వామానే. "గుమ్మంలోంచి తొంగిచూసి రావడం కాదు, మంచం కింద కూడా చూడాలి" అని వేలు ఊపుతూ చెప్పేవాడు.

అత్తగారు చేరిన రోజునుంచి అతను రెండో అంతస్తు మెట్లెక్కలేదు. రిసెప్షన్‌లో కూర్చునే అడొంగ్ మా దేశంలోనే ఉత్తరాది మనిషి, ఈ పట్టింపులు తెలియనిది. ఆవిడకు ఇదంతా కాలక్షేపం.

"పైన పులిని గానీ కట్టేశారా తమ్ముడూ?"

"నీకు తెలీదులే అక్కా. అది మా పద్ధతి."

"బాగుందయ్యా. ఆవిడకు తుంటి విరిగింది, నీకేమో మెడ పట్టేసింది. పైకి చూడనే చూడవు."

అతను నవ్వేసేవాడు. భార్య నకిమెరా రోజూ మటోకే అనే అరటికాయ ముద్ద, పల్లీల పులుసు గిన్నెలో తెచ్చి, అతన్ని పలకరించి పైకి వెళ్ళేది. ఆవిడ చేతే అత్తగారికి నమస్కారాలు చెప్పి పంపేవాడు. అత్తగారూ కూతురి చేతే జవాబు పంపేది. అంతా పద్ధతి ప్రకారం సాగిపోతుండగా, ఒక మధ్యాహ్నం, చుట్టాలు చూడ్డానికి వచ్చే వేళ ప్యానెల్ మోగింది.

రెండో అంతస్తు లైటు వెలిగింది. ఎవరో టీ నీళ్ళు కాస్తున్నారులే అనుకుంటూ లేచాడు. అంతలో దాని పక్కనే ఇంకో లైటు వెలిగింది. ఆవిరి అంత దూరం పాకదు.

"నేను వెళ్ళనా?" అంది అడొంగ్, అతని మొహం చూసి.

"నా పని అక్కా. నువ్వు ఇక్కడుండు."

ఆ మాట అన్నప్పుడు నిజంగానే వెళ్ళి చూసొద్దామనుకున్నాడు. అది అబద్ధం కాదు.

చివరి గదిని ఆనుకుని పరుపులు పెట్టే స్టోర్ ఉంది. ఎవరో రోగి తాలూకు మనిషి అక్కడ ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు కాచే రాడ్ పెట్టి మరిచిపోయింది. నీళ్ళు ఇగిరి, బకెట్ కరిగి, పరుపులు అంటుకున్నాయి. లుబ్వామా వెళ్ళేసరికి తలుపు కింద నుంచి నల్లటి పొగ వరండాలోకి కారుతోంది. నర్సులు నడవగలిగినవాళ్ళను నడిపిస్తూ, నడవలేనివాళ్ళను చక్రాల కుర్చీల్లో తోస్తూ మెట్లవైపు పోతున్నారు.

"చివరి గది నువ్వు చూడు!" అని ఒక నర్సు అరిచి వెళ్ళిపోయింది.

అతను ఒక్కో గదీ చూసుకుంటూ వెళ్ళాడు. మంచాల కింద కూడా చూశాడు. చివరి గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పొగ గొంతులోకి దిగింది. కళ్ళు మండాయి. స్టోర్ లోపల ఏదో ఫట్టుమని పేలింది. లుబ్వామా అక్కడే ఆగిపోయాడు.

గదిలో ఎవరో దగ్గారు. తర్వాత మెల్లగా, మర్యాదగా ఒక పిలుపు.

"అల్లుడుగారూ, మీరేనా?"

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. అలవాటుగా తిప్పుకున్నాడు, కానీ తిప్పుకున్నాక అది ఎంత సుఖంగా ఉందో అతనికి తెలిసింది. అల్లుడు ఆ గుమ్మం దాటకూడదు. ఆవిణ్ణి తాకకూడదు. తాతముత్తాతలు పెట్టిన పద్ధతి. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి మాట ఏముంటుంది? వెనకాల ఇంకెవరో వస్తారు. ఆడవాళ్ళెవరో వస్తారు.

వాకీటాకీలో అడొంగ్ గొంతు. "తమ్ముడూ, చివరి గది?"

"చూశాను," అన్నాడు. "చివరి గదిలో ఎవరూ లేరు."

మెట్లు దిగేటప్పుడు తను ఏమన్నాడో అతనికి అర్థమైంది. వెనక్కి తిరగడానికి అప్పటికీ వీలుంది. తిరగలేదు.

ఆవరణలో మామిడిచెట్టు కింద అందరూ చేరారు. నకిమెరా గిన్నె పట్టుకుని గేటు దాటి వచ్చింది. కుర్చీలన్నీ వెతికింది.

"మా అమ్మేది?"

అడొంగ్ లుబ్వామా వైపు చూసింది. "చూశానన్నావుగా," అంది. అతను బూట్లకేసి చూస్తున్నాడు. ఆవిడ చెప్పులు విప్పేసి, కుళాయి దగ్గర దుప్పటి తడిపి, అంబులెన్సు డ్రైవర్‌ని రెక్క పట్టుకుని లాక్కుంటూ లోపలికి పరిగెత్తింది. నకిమెరా గిన్నె కింద పెట్టి వెంటపడబోతే పదిమంది పట్టుకున్నారు. భర్త మాత్రం దగ్గరికి రాలేకపోయాడు.

నాలోంగోను దుప్పట్లో మోసుకొచ్చారు. మొహమంతా మసి. ఊపిరి ఉంది. కూతురు చెయ్యి తగలగానే, ముందుగా శాలువా కోసం తడుముకుంది.

సాయంత్రానికి మంటలు ఆరాయి, విచారణ మొదలైంది. ఆసుపత్రి పెద్దాయన, నాలోంగో మరిది, కూతురు, అందరూ కింది అంతస్తులో ఆవిడ కొత్త మంచం చుట్టూ నిలబడ్డారు. లుబ్వామా తలుపు అవతల, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఉద్యోగం పోతుంది. అది పోతే పోయింది. అతను భయపడింది భార్య అడగబోయే ప్రశ్నకే.

"మనిషిని పెట్టుకుని లేరని ఎలా అన్నాడమ్మా?" అంటోంది నకిమెరా. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు.

"అతన్నేమీ అనకండి," అంది నాలోంగో బొంగురు గొంతుతో. "వచ్చాడు. గుమ్మం దాకా వచ్చాడు. నేనే వద్దన్నాను. ఒంటిమీద ఆసుపత్రి చొక్కా తప్ప ఏమీ లేదు. అల్లుడి చేత ఎత్తించుకోనా ఈ వయసులో? ఎవరూ లేరని చెప్పి వెళ్ళిపోండి, ఆడవాళ్ళెవరన్నా వస్తారు అన్నాను. పాపం, నా మాట విన్నాడు."

"ప్రాణం మీదికి వచ్చినా పద్ధతి తప్పలేదు," అన్నాడు మరిది. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇలాంటి అల్లుడు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు?"

పెద్దాయన కూడా తల ఊపాడు. అడొంగ్ ఊపలేదు. ఆ రోజునుంచి ఆవిడ పులి గురించి హాస్యం ఆడలేదు. లుబ్వామా కొత్తవాళ్ళకు పాఠం చెప్పే వేళకు లేచి ఎటో వెళ్ళిపోయేది.

ఆ ఆదివారం అత్తవారింటి నుంచి ఆసుపత్రికి కోడిపుంజు వచ్చింది. అరిటాకులో కట్టి, ముక్కలు చెయ్యకుండా ఆవిరి మీద ఉడికించిన పుంజు. మాలో అల్లుడికి అంతకు మించిన గౌరవం లేదు. నకిమెరా దాన్ని రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని భర్త ముందు పెట్టింది. "అమ్మ చెప్పి చేయించింది," అంది. ఆమె కళ్ళల్లో అతని మీద పెళ్ళినాడు లేని గర్వం కనిపించింది. అతనికి ఆకు విప్పడానికి చేతులు రాలేదు.

మీ అమ్మకు చెప్పి వస్తానని భార్యతో అని, పొట్లం అలాగే పట్టుకుని ఒక్కడే అత్తగారి గది దాకా వెళ్ళాడు. గోడకు ఇవతల మోకరిల్లాడు.

"అమ్మా."

"చెప్పండి అల్లుడుగారూ."

"మీరు వద్దనలేదు."

"అనలేదు. పిలిచాను."

"విన్నాను."

"మీరు విన్నారని తెలుసు. ఎవరూ లేరని మీరు చెప్పడం నేనూ విన్నాను."

ఆ 'మీరు'లో మర్యాద ఒక్క పిసరు తగ్గలేదు. తగ్గి ఉంటే, తిట్టి ఉంటే, అతను ఆ గోడను పట్టుకుని ఏడ్చేవాడు.

"మరి వాళ్ళతో అలా ఎందుకు చెప్పారమ్మా?"

"నా కూతురు మీతో బతకాలి కదా," అంది నాలోంగో. "వెళ్ళి తినండి. మిగిల్చారంటే మా అమ్మాయి ఎందుకని అడుగుతుంది."

లుబ్వామా ప్యానెల్ కింద స్టూలు మీద కూర్చుని ఆకు విప్పాడు. నకిమెరా ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంది. ఎముకలు తప్ప ఏమీ మిగల్చకుండా తిన్నాడు.