చెరువులో నీళ్లున్న ఏడాది

"ఈత వచ్చునా?" అన్న గడిలో మా ఆయన "వచ్చు" అని రాశాడు. రాసే ముందు పెన్ను రెండుసార్లు విదిలించాడు. పెన్నులో ఇంకు బాగానే ఉంది. నేను చూశాను.

హిందూపురం బజారులో మాది స్టీలు సామాన్ల అంగడి. ఎంత పేరున్న బిందె అయినా సరే, నీళ్లు పోసి, కాగితం మీద పది నిమిషాలు పెట్టి, అడుగున తడి లేదని చూసుకోనిదే నేను అమ్మను. నా పేరు సత్యభామ; సత్యభామకు దేవుడి మీద కూడా అనుమానమే అని బజారులో అంటారు. అననీ. మా అంగడి బిందె కారిందని ఇంతవరకు ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆ ఫారం తెచ్చింది మా అమ్మాయి భవ్య. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, పెనుకొండలో గది తీసుకుని ఉంటుంది. ఫ్యాక్టరీలో వాళ్లంతా కలిసి వచ్చే ఆదివారం బుక్కపట్నం చెరువులో కయాకింగ్ పెట్టుకున్నారు. ఇంట్లోవాళ్లనూ తీసుకురావచ్చట. కయాక్ అంటే ఏమిటో ఫోన్‌లో చూపించింది. కుడితి తొట్టికి రంగు వేసినట్టు ఉంది. ఒక్కో తొట్టిలో ఇద్దరు, చెరొక తెడ్డు. ఈత రానివాళ్లను వచ్చినవాళ్లతోనే జత చేస్తారు. భవ్యకు ఈత రాదు. అందుకని మా ఆయన "జత" అన్న గడిలో "మా అమ్మాయి భవ్య" అని గుండ్రంగా రాసి ఫారం ఆమె చేతికిచ్చాడు.

ఆయన ఈత గురించి మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. ఆయనది ధర్మవరం. పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం, ఎనభై ఆరులో, బుక్కపట్నంలో మేనత్త ఇంటికి వెళ్లాడు. గొర్రెలు కడగడానికి దిగిన మనిషి ఒకడు చెరువులో మునిగిపోతుంటే, నడిమధ్య దాకా ఈదుకుంటూ పోయి, జుట్టు పట్టుకుని గట్టుకు చేర్చాడు. పెళ్లిచూపుల్లో ఆయన పెదనాన్న ఈ సంగతి చెప్పాడు. ఆ నెలలోనే నాకు మడకశిర నుంచి ఇంకో సంబంధం కూడా వచ్చింది. రెండు అంగళ్లున్న ఇల్లు. అంగళ్లు వద్దు, ఒకరి ప్రాణం కాపాడిన మనిషి చాలు అని నేనే పట్టుబట్టి ఈయన్ను చేసుకున్నాను. చిన్నప్పుడు భవ్య ఈ కథ చెప్పందే ముద్ద మింగేది కాదు.

ఇరవై ఎనిమిదేళ్లలో ఆ కథ మీద నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. పెన్ను విదిలించడం చూశాకే వచ్చింది. వచ్చాక ఊరుకుంటుందా? గోకర్ణం పోయినప్పుడు సముద్రంలో మోకాళ్ల దాకా కూడా దిగలేదు, ఉప్పునీళ్లు ఒంటికి పడవన్నాడు. మంత్రాలయంలో నది గట్టున కూర్చుని చెంబుతో స్నానం చేశాడు, జలుబన్నాడు. బిడ్డకు ఈత నేర్పమంటే బావులన్నీ ఎండిపోయాయన్నాడు. దేనికది అప్పుడు సబబుగానే తోచింది. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కటీ నిలవలేదు. తొట్టి బోల్తా పడితే నా బిడ్డ ఎవరిని పట్టుకోవాలి?

"ఏమండీ, ఇన్నేళ్లయినాక ఈత గుర్తుంటాదా?" అని అడిగాను.

"ఈత యాడికి పోతాదే?" అన్నాడు, నా మొహం చూడకుండా గరిటెలు తుడుస్తూ. ఆ గరిటెలు పొద్దున్నే తుడిచాడు.

చెరువు దగ్గర అన్నాలు తినడానికి నీడ, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటు చూడాలి, కాపలాగా ఉండడానికి ఒక పుట్టిని, అంటే చేపలు పట్టేవాళ్ల గుండ్రటి తెప్పను, మాట్లాడాలి. భవ్యకు సెలవు లేదు. నేను పోయి చూసొస్తానన్నాను. మా ఆయన గబుక్కున లేచి, "ఎండలో నువ్వెందుకు? నేను పోతాలే" అన్నాడు. టీ తాగడానికి కూడా గల్లాపెట్టె ముందు నుంచి లేవని మనిషి! ఇక ఎవరు చెప్పినా ఆగేదాన్ని కాదు. బుధవారం పొద్దున బస్సెక్కి, పెనుకొండలో మారి, బుక్కపట్నంలో దిగాను.

గట్టు కింద కుళ్లాయప్ప అనే ఆయన పుట్టిని బోర్లించి తారు పూస్తున్నాడు. అరవై ఏళ్లు దాటి ఉంటాయి, ఆ చెరువులో చేపలు పట్టే బతికాడు. లోతు ఎంతని అడిగాను.

"ఈడ నడుమంత. ఆడ రెండాళ్ల లోతుండాది తల్లీ. పిల్లోళ్లు మరవ దిక్కు పోకుండా నేను పుట్టి అడ్డమేసుకోనుంటా. నువ్వేం భయపడాకు."

మరవ అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు. ఆదివారం సంగతులన్నీ మాట్లాడుకున్నాక, మాటల మధ్యలో అడిగినట్టు అడిగాను. "ఎనభై ఆరు ఎండాకాలంలో ఈడ ఎవరో మునిగిపోతాంటే ధర్మవరం పిల్లోడు కాపాడినాడంట కదప్పా?"

కుళ్లాయప్ప తారు కుంచె దించాడు. "ఎనభై ఆరా? ఆ ఏడు చెరువులో నీళ్లు యాడుండాయి తల్లీ? చుక్క ల్యా. ఆ ఎండాకాలమే నా పెండ్లి. పెండ్లికూతురి ఊరు అదో, ఆ పక్క గట్టు. పెండ్లోళ్లంతా మేళాలు వాయించుకుంటా చెరువుకు అడ్డం పడి నడిచొచ్చినారు. మాయమ్మ చెప్పు నెర్రెల్లో ఇరుక్కోని ఆడనే పోయింది."

"ఆ ఏడేనని బాగా గుర్తుందా?"

"పెండ్లయిన ఏడు మర్చిపోతే నా పెండ్లాము బువ్వ పెడతాదా?"

చెరువు నిండుగా ఉంది. గాలికి నీళ్లు గట్టును తడుతున్నాయి. కోపం కంటే ముందు నాకు సిగ్గు వేసింది. చిన్న గ్లాసుకు కూడా నీళ్లు పోసి చూసేదాన్ని, మొగుణ్ణి మాత్రం వట్టి మాట మీద తెచ్చుకున్నాను.

అంగడికి వచ్చి షట్టరు సగం దించాను. "కుళ్లాయప్ప పెండ్లి ఊరేగింపు చెరువులో నడిచొచ్చిందంట. ఎనభై ఆరు ఎండాకాలంలో" అన్నాను.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకు ఈతే రాదు. మా పెదనాయన కల్పించి చెప్పినాడు. నేను ఊరకున్యా. అది విని నువ్వు తలెత్తి నా దిక్కు చూస్తివి. నిజం చెప్తే ఆ చూపు పోతాదని మళ్లా ఎప్పుడూ చెప్పలేకపోతి."

"నా సంగతి పోనీండి. బిడ్డను కూర్చోబెట్టుకోని నీళ్లలోకి పోతారా?"

"లైఫ్ జాకెట్లు ఇస్తారు గదా అనుకున్యా."

చేతికందిన చెంబు నేలకేసి కొట్టాను. "ఇప్పుడే భవ్యకు మీ నోటితో చెప్పండి. లేకుంటే నేను చెప్తా."

"ఆ కథ వింటానే పెరిగింది గదా బిడ్డ. నా మొహం ఎట్లా చూస్తాది?" అంటుండగానే నేను ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను.

"అమ్మా, నేనే చేద్దామనుకుంటాండా. నాయన పక్కన ఉండాడా?" అంది భవ్య.

ఇలా అడిగితే లోపల ఏదో ఉన్నట్టే. "లేడు" అన్నాను.

"లిస్టు అయిపోయింది. నాకు జత సుధాకర్, మా సెక్షన్‌లో ఈత వచ్చిన అబ్బాయి. నాయనకు జత గైడు. నాయన పేరు పక్కన ఈత రాదని మార్చినా. ఆయనకు చెప్పొద్దు, ఏదో లాటరీలో అట్లా పడిందని చెప్తాలే."

మా ఆయన ఫోన్ వైపు వంగాడు.

"నీకెట్లా తెలుసే?"

"ఎనిమిదో తరగతిలో ఈ కథ క్లాసులో చెప్పినా. మా సోషల్ టీచరు జయలక్ష్మమ్మ మేడమ్‌ది బుక్కపట్నమే. సాయంత్రం పక్కకు పిలిచి, ఆ ఏడు చెరువులో నీళ్లే లేవమ్మా అని చెప్పింది."

"మరి ఇన్నేళ్లు నాయనను అడగలేదే?"

"అడిగితే మళ్లా ఆ కథ చెప్పడు గదమ్మా." నవ్వింది. "అయినా నీకు తెలుసనే అనుకుంటి. నీకు తెలియకుండా ఉంటాదా?"

ఇంటిల్లిపాదిలో అనుమానపు మనిషిని నేను. ఆ కథను నమ్మింది మాత్రం నేనొక్కదాన్నే. కింద పడున్న చెంబు తీసి అరలో పెట్టాను.

"నాకెప్పుడో తెలుసు" అన్నాను.

మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. నాకు ఎప్పుడు తెలిసిందో ఆయనకు తెలుసు. ఈసారి కూడా ఊరకున్నాడు.

"ఆదివారం నువ్వూ రామ్మా" అంది భవ్య.

"వస్తాలే" అన్నాను. "ఆ గైడుకు ఈత వచ్చునో రాదో ఎవరన్నా చూసినారా?"