పిల్ల బరువెంత

నైలాను తాడు కొసను జ్ఞానమ్మ కొవ్వొత్తి మంట మీద తిప్పుతోంది. పీచులు ముడుచుకుని, కరిగి, నల్లటి ముద్దగా మారగానే దాన్ని తడిపిన రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. చుయ్‌మని పొగ లేచింది. ఏళ్ళ తరబడి ఇదే పనిచేసి ఆ వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. రేషను మిషను ఆమె వేలిముద్రను ఎప్పుడూ ఒక్కసారికి ఒప్పుకోదు.

మాచర్లలో సాగర్ రోడ్డు మీదున్న ఆ కొట్లో పడవలకు, వేటకు కావలసిన సామానంతా దొరుకుతుంది. తెడ్లు, లంగర్లు, మోకులు, వలలు, వలలకు కట్టే బెండ్లు, గుండ్రటి పుట్టి పడవ అడుగుకు పూసే తారు, పైన దండేనికి వరసగా వేలాడే నారింజరంగు లైఫ్ జాకెట్లు. నది మాత్రం అక్కడికి కనపడదు. బస్సెక్కి పోవాలి.

జ్ఞానమ్మ చిన్న మనిషి. సన్నటి భుజాలు, కుడివైపు కాస్త ఒరిగిన నడక, ముతక చీర, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. భర్త నాపరాళ్ళ పాలిషింగు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మంచాన పడితే, ఆమె ఈ కొట్టు ఊడవడానికి వచ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ చిరిగిన వలలు అల్లడం నేర్చుకుంది. ఆయన పోయాక, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని ముసలి యజమాని త్రికోటేశ్వరరావు ఆమెను బేరాల దగ్గర నిలబెట్టాడు. ఇప్పుడు ఆయన మోకాళ్ళు పట్టేసి ఇంట్లో ఉంటే, కోడలు జ్యోతిర్మయి కొట్టు చూసుకుంటోంది.

బేరానికి నిలబడ్డ కొత్తల్లో జ్ఞానమ్మకు నది గురించి ఏమీ తెలియదు. అందుకని అడిగేది. ఏం చేప? నీళ్ళెంత లోతు? తెడ్డు ఎవరు వేస్తారు? గాలి ఎటునుంచి కొడుతుంది? అవసరం కొద్దీ మొదలైన ఆ అడగడం, అవసరం తీరాక కూడా పోలేదు.

ఆ పొద్దున క్రోసూరు అవతలినుంచి ఏసోబు అనే వేటగాడు వచ్చాడు. పులిచింతల నీళ్ళ మీద వల వేస్తాడు.

"కొక్కేల లంగరు కావాల," అన్నాడు.

"అడుగున ఇసకా, రాయా?"

"రెండూ గాదు. గోడలు. మునిగిపోయిన మా పాత ఊరి మీదే కదా మేం తిరిగేది. మొన్న లంగరు పోయి ఏదో దర్వాజాకు తగులుకుంది. ఎంత గుంజినా రాలే. తాడు కోసుకోని వచ్చా."

జ్ఞానమ్మ చేతిలో తాడు పక్కన పెట్టేసింది. "ఎవరింటి దర్వాజానో తెలిసిందా?"

ఏసోబు బుర్ర గోక్కున్నాడు. "మా చిన్నాయనదే అయ్యుంటది. ఆ వరసలో రాతి దర్వాజా ఆయనదొక్కటే."

"ఆయనకు చెప్పావా?"

"చెప్పా. తలుపు తీసే ఉందా అని అడిగాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. "కొక్కేలది వద్దులే నాయనా," అంది జ్ఞానమ్మ. "మళ్ళీ ఇంకోళ్ళ ఇంటికి తగులుకుంటది. గుండ్రాయిని వలగుడ్డలో మూటగట్టి దించుకో." పాత వలముక్క ఒకటి మడతపెట్టి ఊరికే ఇచ్చింది.

ఏసోబు వెళ్ళాక జ్యోతిర్మయి ఫోను పట్టుకుని పక్కకు వచ్చింది. కొట్టు ఎలా ఉందో కొన్నవాళ్ళు ఫోనుతో స్కాన్ చేసి, అయిదుకు ఇన్నని చుక్కలు వేసి రాయడానికి ఆమె ఈమధ్యే గోడకు ఒక కాగితం అంటించింది.

"జ్ఞానమ్మా, ఏమనుకోమాకు. నీ గురించి రాశారొకళ్ళు. చదవమంటావా?"

"చదువు."

"సామాను మంచిదే. ఆ పెద్దావిడను మాత్రం భరించలేం. దొంగోళ్ళను అడిగినట్టు అడుగుద్ది. ఎదురు షాపులో అడిగింది చేతిలో పెట్టి పంపారు. అదీ పద్ధతంటే." జ్యోతిర్మయి ఫోను దించింది. "ఒక్క చుక్కే వేశాడు."

జ్ఞానమ్మకు కోపం రాలేదు. "ఎవరు?" అంది.

పేరు సుధీర్ బాబు అని ఉంది. ముఖానికి బదులు ముక్కుకు నీలంరంగు వేసిన పడవ బొమ్మ పెట్టుకున్నాడు. పేరు విన్నా తెలియలేదు గానీ, ఎదురు షాపన్న మాటను బట్టి గుర్తొచ్చింది. మొన్నామధ్య వచ్చాడు, సన్నగా, ఎండకు కమిలిపోయిన మనిషి. చొక్కా జేబు మీద చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది. పిల్లలు వేసుకునే లైఫ్ జాకెట్టు అడిగాడు.

ఎంత పిల్లకని అడిగితే ఏడెనిమిదేళ్ళుంటాయన్నాడు. బరువెంతని అడిగితే దండెం మీది జాకెట్ల వైపు చూశాడు. నీ నడుం దాకా వస్తదా అంటే, తన నడుం వైపు తనే చూసుకున్నాడు. మీ పాపేనా అని కూడా అడిగిందామె. అప్పుడతని ముఖం మాడిపోయింది. "ఇస్తే ఇయ్యి, లేకపోతే లేదు. పోలీసోళ్ళకు మల్లే ఏంది నీ గోల," అని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

"అంతేనమ్మా జరిగింది. అందులో కోపం దేనికొచ్చింది?"

"కొంతమందికి అడిగితే నచ్చదు," అంది జ్యోతిర్మయి మెల్లగా. "నువ్వు మంచికే అడుగుతావు. అది నాకు తెలుసు. కానీ ఇక మీద అడిగింది ఇచ్చెయ్. నాలుగు రోజులు చూద్దాం."

జ్ఞానమ్మ తలూపింది. తరవాత వచ్చిన మనిషి లావు మోకు అడిగితే కొలిచి, కోసి, చుట్టచుట్టి ఇచ్చింది. పెదవులు విప్పలేదు. అతను దాన్ని భుజాన వేసుకుని దారిలో కలిసిపోయాడు. అన్నం తింటున్నా ఆమెకు ఆ మోకే కళ్ళముందు కనపడింది. అంత లావుది పడవకు అక్కరలేదు. గేదెకా? బావికా? ఎవరినన్నా పిలిచి అడిగిద్దామా అనిపించింది. దానికంటే ఎక్కువగా తొలిచింది ఆ సుధీర్ బాబు సంగతి. బరువడిగితే మనిషికి కోపం ఎందుకు రావాలి?

ఎండ వాలుతుండగా సుభానీ ట్రాలీ ఆటో కొట్టు ముందు ఆగింది. సాగర్ రేవులో వేటగాళ్ళకు వలలు, బెండ్లు చేరవేసేది అతనే. జ్ఞానమ్మ జ్యోతిర్మయి ఫోను అడిగి తీసుకుని పడవ బొమ్మ చూపించింది.

"ఇది మన సుధీర్ బాబుదక్కా. డ్యాము వెనక రేవులో ఉంటాడు."

"పిల్లలెందరు?"

"పిల్లలా?" సుభానీ ఆలోచించాడు. "ఒంటిగాడు. వండుకు తినేది చూశా గానీ, పిల్లల ముచ్చట ఎన్నడూ వినలే."

జ్ఞానమ్మ దండెం మీదినుంచి రెండు జాకెట్లు దించింది. ఒకటి అన్నిటికంటే చిన్నది, రెండోది దాని పై సైజుది.

"అమ్మా, సుభానీ బండి మీద సాగర్ పోయొస్తా."

"పోట్లాటకా?" అంది జ్యోతిర్మయి కంగారుగా.

"పోట్లాటెందుకు? జాకెట్టు ఇచ్చొస్తా."

"మరి రెండు ఎందుకు?"

"పిల్లను చూడందే ఏది సరిపోద్దో ఎట్టా తెలుసుద్ది?"

జ్యోతిర్మయి నవ్వు ఆపుకుని, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది.

బండి పాలిషింగు ఫ్యాక్టరీలు దాటింది. చెట్ల ఆకులన్నీ తెల్లగా దుమ్ము కప్పుకుని ఉన్నాయి. జ్ఞానమ్మ అలవాటుగా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆపైన రాళ్ళ చేలు, మిరపతోటల ఎర్రటి గట్లు, గుట్టలు. ఒక మలుపులో ఉన్నట్టుండి నీళ్ళు కనపడ్డాయి. ఆ ఏడు వానలు బాగా పడి జలాశయం నిండుగా ఉంది. ఎండపొడ పడి ఎదుటి కొండల దాకా మెరుస్తోంది. ఇదివరకు బస్సు కిటికీలోంచి చూసినప్పుడు ఇంత ఉన్నట్టు అనిపించలేదు ఆమెకు.

రేవులో నీలంముక్కు పడవ పక్కన సుధీర్ బాబు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అతని ముందు ఒక పిల్ల, రెండు జడలు, ఇస్త్రీ గౌను, చేతులు రెండూ చాచి బొమ్మలా నిలబడి ఉంది. ఒంటి మీద ఎదురు షాపులో కొన్న జాకెట్టు, బాగా పెద్దపిల్లలు వేసుకునేది. వదులుగా ఉందని అతను దాని చుట్టూ వలతాడు చుట్టి బిగిస్తున్నాడు. పడవ మీద షికారుకు బయల్దేరుతున్నారని చూడగానే తెలిసిపోయింది.

జ్ఞానమ్మను గుర్తుపట్టి అతను లేచి నిలబడ్డాడు. "కొట్లో ఏమన్నా అన్నారా నిన్ను? నేను కోపంలో రాసిందమ్మా అది."

"నన్నెవరూ ఏమీ అన్లేదు. నేనే నిన్ను ఏదో అన్నట్టున్నా. అదేందో తెలుసుకుందామని వచ్చా," అంది ఆమె. ఆ తరవాత పిల్ల వైపు తిరిగింది. "చేతులు పైకెత్తమ్మా."

పిల్ల ఎత్తింది. జ్ఞానమ్మ జాకెట్టు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగింది. కట్టిన తాడు కట్టినట్టే ఉంది, పిల్ల మాత్రం కిందకు జారిపోయింది. జాకెట్టు మొత్తం ఖాళీగా ఆమె చేతుల్లోకి వచ్చింది. సుధీర్ బాబు దాన్ని చూశాడు. ఆపైన ఎదురుగా ఉన్న లోతు నీళ్ళ వైపు చూశాడు.

"ఎదురు షాపోళ్ళు ఎంత పిల్లకని అడగలేదా?"

"అడగలే. అడగనందుకే ప్రాణానికి హాయిగా అనిపించింది." అతను గొంతు తగ్గించాడు. పిల్ల గులకరాళ్ళు ఏరుకుంటూ కాస్త దూరం పోయింది. "పాలు తాగేటప్పుడు తల్లితో నాదెండ్ల పోయిందమ్మా. మళ్ళీ చూడ్డమే పడలే. ఇన్నాళ్ళకు కోర్టోళ్ళు దసరా సెలవులకు పంపమన్నారు. ఇయ్యాల పొద్దున వాళ్ళ మేనమామ దింపిపోయాడు. నువ్వేమో ఆ రోజు బరువెంతన్నావు. నాకు తెలిస్తే కదా చెప్పేది. మీ పాపేనా అన్నావు. అవునని చెప్పడానికి నోరు రాలే."

 తన మాటలు ఎదుటి మనిషికి ఎక్కడ తగిలాయో జ్ఞానమ్మ ఎన్నడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఖాళీ జాకెట్టుకు చుట్టిన వలతాడు విప్పింది.

"పొద్దుటినుంచి ఒక్కసారన్నా ఎత్తుకున్నావా?" అంది.

"లేదు. బెదురుద్దేమోనని."

"ఎత్తుకో. నేను సైజు చూడాల."

అతను పిల్ల దగ్గరకు వెళ్ళి వంగాడు. ఏం అడగాలో తెలియక అలాగే వంగి ఉంటే, పిల్లే అతని మెడ చుట్టూ ఒక చెయ్యి వేసింది. రెండో చేతిలో గులకరాళ్ళు ఉన్నాయి. అతను లేచాడు.

"ఎంతుంటది?" అంది జ్ఞానమ్మ.

"బియ్యం బస్తా అంత లేదు," అన్నాడు. పిల్లను ఇంకాస్త పైకి ఎగదోసుకుని, "తక్కువే. కానీ బరువుగానే ఉంది," అన్నాడు. కొలత అయిపోయినా దించలేదు. ఆమె కూడా దించమనలేదు.

చిన్న జాకెట్టు పిల్లకు సరిగ్గా పట్టింది. కాళ్ళ మధ్యనుంచి పట్టీ తీసి బిగించి, భుజాలు పట్టి లాగి చూస్తే పిల్ల మడమలు పైకి లేచాయి గానీ జాకెట్టు జారలేదు. పిల్ల పేరు వందన. ఆ పట్టీ ఏమిటి, ఈ ఈల ఎందుకు వేలాడుతోంది, లోపల దూదా అని వరసగా అడుగుతూ పోయింది. జ్ఞానమ్మ అన్నిటికీ చెప్పింది.

"మామ్మా, నువ్వు రావా?"

"ఎక్కడికి?"

"పడవలో."

"నేను పడవ ఎక్కనమ్మా."

"ఎందుకు?"

జ్ఞానమ్మ బదులు వెతుక్కుంది. భయం లేదు. ఈత రాకపోయినా జాకెట్లుండగా ఏం? కొట్టుకు సెలవు ఆదివారమే, ఆ రోజు చర్చి. ఒకప్పుడు కొట్టు వాళ్ళంతా సాగర్ వచ్చి పడవెక్కారు, కానీ ఆ రోజు షట్టరు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా అని ఆమె ఉండిపోయింది. ఆ తరవాత అందరూ ఆమె ఎక్కిందనే అనుకున్నారు.

"ఎన్నడూ ఎక్కలేదా?" అన్నాడు సుధీర్ బాబు నమ్మలేనట్టు.

"ఎవరూ అడగలే," అంది ఆమె. అని, తన మాటకు తనే కొంచెం ఆశ్చర్యపోయింది.

"నేనడిగాగా," అంది వందన.

రెండో జాకెట్టు సుభానీ చేతిలో ఉంటే, జ్ఞానమ్మ తీసుకుని తొడుక్కుంది. సన్నటి భుజాల మీద అది ఆమెకోసం కుట్టించినట్టే ఉంది. సుభానీ ముందు పట్టీలు బిగించబోతే, "ఉండు తమ్ముడూ, నాకు తెలుసు," అని తనే బిగించుకుంది. సుధీర్ బాబు చెయ్యి అందించాడు. ఆమె పాదం పెట్టగానే పడవ అటొకసారి, ఇటొకసారి ఒరిగింది. జ్ఞానమ్మ అంచు గట్టిగా పట్టుకుని అలాగే ఆగింది. ఎన్ని వందల మందిని ఎన్ని అడిగింది! కాలు పెట్టగానే అడుగు కింద లోకం ఇలా పక్కకు జరుగుతుందని వాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

సుధీర్ బాబు గడతో ఒడ్డును నెట్టాడు. పడవ మెల్లగా లోతుకు మళ్ళింది. సుభానీ బండికి ఆనుకుని బీడీ ముట్టించాడు. నీళ్ళ మీదినుంచి ఆమె గొంతు వినపడుతూనే ఉంది. ఇక్కడ ఎంత లోతు, ఆ కొంగ ఎవరికోసం చూస్తోంది, ఆ దూరపు గుట్ట ఏ ఊరిది. మధ్యమధ్య పిల్ల గొంతు. వాటన్నిటికీ బదులిస్తూ మూడో గొంతు, మెల్లగా మొదలై, పోనుపోను పెద్దదవుతూ.

కాసేపటికి అవి కూడా వినపడలేదు. రేవు బండ మీద జ్ఞానమ్మ రబ్బరు చెప్పులు ఉన్నాయి. అరిగిపోయిన మడమల గుంటల్లో పడవ రేపిన అల నీళ్ళు కాసిని నిలిచి, ఎండకు మెరుస్తున్నాయి.