పరాయి చేతికిచ్చే డ్రైవ్

"ఫోటో నువ్వే ప్రింట్ తీయించుకురా. ఇలాంటి పనులు నీకు అలవాటేగా" అన్నారు మా ఆయన, అద్దంలోంచి నా వైపు చూడకుండానే.

అలవాటే. ఆయన ఆఫీసు కాగితాలు, మా అత్తగారి రక్తపరీక్షల రిపోర్టులు, మరిది ఉద్యోగ దరఖాస్తులు, అన్నీ బడి నుంచి వచ్చే దారిలో నేనే ఆగి తీయించుకొస్తాను. "ఎలాగూ అటునుంచే వస్తావు కదా" అన్న మాటతో మొదలైన పని అది. ఒక్కరోజు మరిచిపోతే "ఈ మాత్రం చేతకాదా" అంటారు మా అత్తగారు. ఈసారి తీయించాల్సింది మా అక్క ఫోటో. ఎల్లుండి బావ ఇంట్లో సంతాప సభ. అక్క స్నానాలగదిలో జారిపడి చనిపోయిందని బావ చెప్పాడు. ఆయన చెప్పినట్టే అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. నేనూ ఎవరైనా అడిగితే అదే చెప్పాను. నోట్లో రాయి పెట్టుకుని మాట్లాడినట్టుండేది.

బావ ఫోన్ చేసి చెప్పాడు. "టీచరమ్మా, మా వీధి చివరి షాపులోనే తీయించు. మనవాడే. నా పేరు చెబితే మంచి కాగితం వేస్తాడు." ఫోన్ పెట్టేయబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "అన్నట్టు, మీ అక్క సామాన్లలో పెన్‌డ్రైవ్ ఏదైనా నీ కంటపడిందా? పాత ఫోటోలుంటాయేమోనని."

అంతకుముందూ అడిగాడు. అక్కను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున, కూర్చోవడానికి కుర్చీలు సర్దుతూ కూడా అడిగాడు. భార్య ఫోటోల మీద మనిషికి అంత బెంగ ఉంటుంది కాబోలు అనుకున్నాను.

షాపుకు తీసుకెళ్ళే డ్రైవ్ నాకు విడిగా ఉంది. ఒకసారి మా బడిలో ఏడో తరగతి ప్రశ్నపత్రం పరీక్షకు ముందే పిల్లల చేతుల్లో తిరిగింది. ప్రింట్లన్నీ సీలు వేసిన కవర్లోనే ఉన్నాయి. షాపు కంప్యూటర్లో మిగిలిపోయిన కాపీని ఎవరో చూసుకున్నారు. అప్పటినుంచి మా బడిలో టీచర్లందరికీ ఒక నియమం. ఆడపిల్లలకు నేనూ అదే చెబుతాను. పరాయి చేతికిచ్చే డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే ఉండాలి. ఇంట్లో మాత్రం నా నియమం ఒక జోకు. "మా ఆవిడ పెన్‌డ్రైవ్‌ని కూడా ఊడ్చి ముగ్గు పెడుతుంది" అంటారు మా ఆయన, వచ్చినవాళ్ళ ముందు.

షాపాయన పెద్దవయసు మనిషి. కళ్ళజోడు నెత్తిమీదకు తోసుకుని కళ్ళజోడు కోసమే వెతుకుతున్నాడు. నేను చెప్పాక నవ్వుకుంటూ దించుకున్నాడు. డ్రైవ్ పెట్టి చూసి, "ఇంత డ్రైవ్‌లో ఒక్క ఫైలేనా మేడమ్? కల్యాణ మంటపంలో ఒక్కరే కాపురమున్నట్టుంది" అన్నాడు.

"దాన్నుంచే ప్రింట్ ఇవ్వండి. మీ దాంట్లోకి కాపీ వద్దు."

"కాపీ చేసుకుంటేనే నాకు సులువమ్మా. డ్రైవ్‌లో ఉన్నదంతా ఒకేసారి లోపలికి లాగేస్తాను. మళ్ళీ వచ్చినప్పుడు మీరు తేనక్కర్లేదు కూడా."

ఆయన దృష్టిలో అది సాయం. తెర నిండా ఫోల్డర్లు. వచ్చినవాళ్ళ పేర్లు అడగడం మొహమాటమేమో, తనకు గుర్తుండేలా తనే పేర్లు పెట్టుకున్నాడు. పచ్చగేటు మేడమ్. టైలరమ్మ. నర్సుగారు. కవలల తల్లి. ఎవరి బతుకులో తెలియదు, అన్నీ వీధిలోకి తలుపులు తెరిచి పెట్టినట్టున్నాయి. వాటి మధ్య, "మూలింటి మేడమ్".

అక్కది మూలిల్లు.

"ఇది ఎవరిది?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మీరు ఆవిడ చెల్లెలా? అదే అనుకుంటున్నా, ఆ పోలిక ఎక్కడో చూశానని. మీ అక్కయ్యగారిదేనమ్మా. ఆ రోజు బాగా కంగారుగా ఉన్నారు. రెండు ప్రింట్లు తీస్తే ఒకటి ఇదిగో ఈ ట్రేలోనే వదిలేసి వెళ్ళారు. అవసరమైన కాగితం కదా పాపం అని, సాయంత్రం మీ బావగారు అటు పోతుంటే పిలిచి ఇచ్చాను."

"ఏం కాగితం?"

"ఇంటి అద్దె ఒప్పందం. ఎవరికో ఇల్లు చూసి పెడుతున్నట్టున్నారు." పెద్ద కాగితాన్ని మిషన్‌లోకి ఎక్కిస్తూ, మామూలుగా అన్నాడు. "మర్నాడే కదమ్మా ఆవిడ పోయారు. అందుకే అంత గుర్తు. మంచివాళ్ళకే ఇలా అవుతుంది."

మిషన్ అక్క ముఖాన్ని పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా బయటికి తోస్తోంది. ముందు పాపిట, తర్వాత నుదురు. కళ్ళు వచ్చేలోపు నేను ఆ ఫోల్డర్ తెరవమన్నాను.

ఒక్క గది ఇల్లు. ఉండబోయేది ఒక్కరు, అక్క. చిరునామా మా బడి వెనక వీధి. మా తరగతి గది కిటికీలోంచి కనిపించే వీధి. నాతో ఒక్క మాట అనలేదు. సామాను దించుకున్నాక చెబుదామనుకుందేమో. ఏదైనా పూర్తయ్యాకే చెప్పడం చిన్నప్పటినుంచీ దాని పద్ధతి.

దాని కింద ఫోటోలు. మోచేయి. భుజం వెనక భాగం. నడుము పక్కన. ప్రతి కమిలిన మచ్చ పక్కనా ఒక స్కేలు ఆనించి తీసింది, ఎంత పొడవో తెలిసేలా. ఆ స్కేలు నాది. దాని అంచున నా ఎర్ర సిరా మరక. జాకెట్టు కొలతలకని నా సంచిలోంచి అడిగి తీసుకుంది. అక్క ఫోన్‌ను బావ రోజూ చూసేవాడని నాకు తెలుసు. "మా ఇద్దరి మధ్య దాపరికాలు లేవు" అని నలుగురిలో గొప్పగా చెప్పేవాడు కూడా. అందుకే ఇవన్నీ డ్రైవ్‌లో దాచింది. దాచిన డ్రైవ్‌ను అలాగే పట్టుకొచ్చి ఇక్కడ ఇచ్చింది. పిల్లలందరికీ చెప్పాను, అక్కకు చెప్పాల్సిన అవసరం వస్తుందని ఎవరనుకుంటారు.

షాపాయన ఫోటోలు చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇంతకుముందు చూడలేదని ఆ తిప్పుకోవడంలోనే తెలిసింది. గొంతు తగ్గించి, "మీ బావగారు తర్వాత వచ్చి ఆవిడదంతా తీసేయమన్నారమ్మా. సరేనన్నాను. పని హడావిడిలో మరిచేపోయాను. ఇప్పుడు తీసేయమంటారా?" అన్నాడు. చెయ్యి మౌస్ మీదే ఉంది.

"వద్దు."

గాజు బీరువాలో అమ్మకానికి పెట్టిన డ్రైవ్‌లలో ఒకటి తీయించి ఆ ఫోల్డర్ దాంట్లోకి ఎక్కించమన్నాను. ఆకుపచ్చ గీత కదలడం మొదలైంది. ఫోన్ మోగింది.

"అయిందా టీచరమ్మా? అక్కడే ఉండు. మలుపులోనే ఉన్నా, దింపేస్తాను."

గీత సగంలో ఉంది. పరీక్ష గదిలో పిల్లలు గంట మోగే ముందు నా వైపు ఎలా చూస్తారో అలా దాన్ని చూశాను. నిండింది. కొత్త డ్రైవ్‌ను నా సంచిలోని సుద్దముక్కల డబ్బాలో పెట్టి మూత నొక్కాను. "ఎవరు చెప్పినా ఆ ఫోల్డర్‌ని మాత్రం తీసేయకండి. దీనికోసం ఇంకొకరు వస్తారు" అన్నాను.

"ఎవరమ్మా?" అన్నాడాయన. నేను చెప్పకముందే అర్థమైంది. మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "నా చేత్తో నేనే ఇచ్చానమ్మా ఆ కాగితం" అన్నాడు.

బయట కారు ఆగింది. బావ లోపలికి వచ్చి ఫోటోను వెలుతురుకెత్తి చూశాడు. "బాగా నవ్వుతోంది కదూ" అన్నాడు. కాగితం చుట్టి చంకలో పెట్టుకుని, "డ్రైవ్ కూడా ఇటియ్యి. నా దగ్గరుంటే భద్రం" అని చెయ్యి చాచాడు.

నా డ్రైవ్ ఇచ్చాను. జేబులో వేసుకుని పైనుంచి ఒకసారి తడుముకున్నాడు.

"ఎక్కు. ఎల్లుండికి చాలా పనుంది ఇంటి దగ్గర. వచ్చేవాళ్ళ సంగతి నువ్వే చూడాలి, ఇంకెవరున్నారు."

"బడిలో పనుంది బావగారూ."

"ఇవాళ సెలవు కదా."

"ప్రశ్నపత్రం తయారుచేయాలి."

"మీ అక్కా ఇంతే. ఎప్పుడూ ఏదో ఒక పనుందనేది" అని నవ్వాడు. షాపాయన తల ఎత్తలేదు. కారు కదిలింది, మలుపు దాకా చాలా నెమ్మదిగా వెళ్ళింది.

అది కనుమరుగయ్యేదాకా బడి వైపే నడిచాను. తర్వాత వెనక్కి తిరిగి పోలీస్ స్టేషన్ రోడ్డు పట్టాను. డబ్బాలో సుద్దముక్కలు అడుగడుగుకీ గలగలమంటున్నాయి. బావ జేబులో ఉన్నదాంట్లో అక్క నవ్వుతున్న ఫోటో తప్ప ఏమీ లేదు. పరాయి చేతికిచ్చే డ్రైవ్‌లో ఒక్క ఫైలే ఉండాలి.