పేర్రాజు పేరున కొట్టుకున్న గుండె

నేను ఒక చేతిపట్టీని. నాడి చూస్తాను, అడుగులు లెక్కపెడతాను, తెలిసిందంతా ఫోనుకు చేరవేస్తాను. కాకినాడ కరెంటాఫీసులో నెలనెలా నడక పోటీ పెట్టి తలా ఒక పట్టీ పంచితే, గుమాస్తా పేర్రాజు చేతికి వచ్చిపడ్డాను.

ఆయనకు నడకంటే మహా బద్ధకం. సాయంత్రం ఇంటికి రాగానే నన్ను విప్పి భార్య మంగతాయారు చేతికి తగిలించేవాడు.

"ఎలాగూ ఇల్లంతా తిరుగుతావు కదే, ఇది పెట్టుకుని తిరుగు."

ఆవిడ నన్ను గాజుల వెనక్కి తోసుకుని అంట్లు తోమేది, బట్టలు ఆరేసేది. మొదటి నెల బహుమతి ఎవరికొచ్చిందో వేరే చెప్పాలా! శాలువా కప్పించుకుని మురిసిపోతున్న ఆ పెద్దమనిషిని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడ నాడి మాత్రం నన్ను భయపెట్టింది. ఉన్నట్టుండి పరుగెత్తేది, తడబడేది. ఫోనుకు చెప్పాను. ఫోనులో ఉన్నది పేర్రాజు పేరొక్కటే. "మీ గుండె లయ తప్పుతోంది, డాక్టరును కలవండి" అని అది ఆయన్నే హెచ్చరించింది.

ఇంకేముంది, ఇల్లంతా గోల! ఆయనకు పరీక్షలన్నీ చేశారు. గుండె భేషుగ్గా ఉందన్నారు. నేను రెండు చేతులు మారుతున్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. మొగుడు గట్టెక్కాడని మంగతాయారు పొంగిపోయింది. అన్నవరం కొండ మెట్లెక్కి వస్తానని అప్పటికే మొక్కుకుంది.

ఆ మెట్లూ పోటీలో కలుస్తాయని నన్ను ఆవిడకే కట్టాడు. సగం కొండ ఎక్కేసరికి ఆవిడ నాడి చెదిరిపోయింది. ముందు నడుస్తున్న ఆయన జేబులో ఫోను మోగింది.

"డాక్టరు బాగుందన్నాక కూడా దీని గోలేంటండీ బాబూ!" అని విసుక్కుని దాని నోరు నొక్కేశాడు.

వెనక్కి తిరిగేసరికి ఆవిడ మెట్టు మీద ఒరిగిపోయి ఉంది. "మంగా!" అని కేకపెట్టాడు. నేనున్న చేతిని గట్టిగా పట్టుకున్నాడు. అందులో నాడి లేదు.

కొన్నాళ్లకు ఆ ఫోను పాడైతే కొత్తది కొన్నాడు. పాత వివరాలు అందులోకి మార్చుతూ షాపులో అమ్మాయి ఆగింది.

"మీ గుండె పొద్దున్నపూట బాగానే ఉందండి. సాయంత్రాలే తడబడింది. అప్పుడేం చేసేవారండి?"

ఆయన తన చేతికున్న నన్ను తడుముకుంటూ అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

"సాయంత్రాలు ఇది మా ఆవిడ చేతికుండేదమ్మా."

ఆ అమ్మాయి "ఇవి కూడా మార్చమంటారా?" అని మెల్లగా అడిగింది.

"మార్చమ్మా. ఒక్కటీ పోకూడదు. ఆవిడ పేరు మీద పెట్టు."

ఆ అమ్మాయి అంతా వెతికింది. రెండో పేరు రాయడానికి అందులో చోటు లేదు.