పడవ పలకల్లో హోరు

తెల్లవారుజామున, సముద్రంలో ఖర్జూర మట్టలతో కట్టుకున్న చేపల దడి దగ్గరికి పోతూ పడవలో చేసే నమాజు దేవుడిదాకా చేరుతుందా అన్న అనుమానం ఖమైస్‌ను ఏళ్ల తరబడి వదల్లేదు. ఇంజను హోరులో తన పెదాల మీది మాట తనకే వినబడదు. ఇమామును అడిగితే, "ఆయనకి చెవుడు లేదులే" అని నవ్వి పంపేశాడు. అనుమానం మాత్రం ఉండిపోయింది.

ఆ వేసవిలో అతన్ని తొందరపెట్టింది వేరే సంగతి. అతని పడవ కట్టిన తిజానీ ముసలాయన శుక్రవారం కెర్కెన్నా దీవి విడిచి, స్ఫాక్స్ పట్నంలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. పడవ కట్టినందుకు ఆయన కూలి పుచ్చుకోలేదు. "నీ దడిలో పడ్డ చేపని పడవమీదే కాల్చి పెట్టు, చాలు" అన్నాడు. పడవ కట్టిన ఏడే ఖమైస్ దానికి ఇంజను బిగించాడు. ముసలాయన ఒక్కసారి ఎక్కి, చెవులు మూసుకుని దిగిపోయాడు. మళ్లీ అందులో కాలు పెట్టలేదు. ఆ చేప బాకీ అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు చూస్తే గాలి లేదు. తెరచాప తడిగుడ్డలా వేలాడుతోంది. ఇంజను లేనిదే దడి చేరడం కల్ల.

"ఒక్కసారి రా బాబాయ్" అని బతిమాలాడు.

"నేను పడవ కడితే నువ్వు పిండిమర పెట్టుకున్నావు. గోధుమల మూట కూడా తెచ్చుకోనా?"

"చప్పుడు తగ్గిస్తే వస్తావా?"

"తగ్గించు. చూద్దాం."

ఖమైస్ ఇంట్లో దాచిన బక్రీదు గొర్రెతోళ్లన్నీ తెచ్చి ఇంజను పెట్టెకు సందు లేకుండా చుట్టాడు.

"నడి ఎండల్లో దానికి చలేస్తోందా?" అంది భార్య మన్నూబియా.

"మూతి కట్టేస్తే నోరు మూసుకుంటుంది."

"అంత సులువైతే నీకెప్పుడో కట్టేదాన్ని!"

ఇంజను కాసేపు ఆడి, ఊపిరాడక నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. ఆడినంతసేపూ హోరు తగ్గిందీ లేదు. తోళ్లు ఊడదీశాడు.

మర్నాటి నమాజులో నుదురు పలకకు ఆనించగానే పళ్లు టకటకలాడాయి. రోజూ ఉన్నదే. కానీ తల ఎత్తితే ఆ మోత సగమై, వంచితే మళ్లీ నిండుగా వస్తున్నట్టు ఆ రోజే గమనించాడు. అంటే చప్పుడు గాలిలో కాదు, కర్రలో ఉంది. ప్రార్థనలో ఇంజను తలపుకొచ్చినందుకు క్షమాపణ వేడుకుని, ఆ తర్వాతే స్పానరు అందుకున్నాడు.

ఇంజను కాళ్లు నేరుగా పడవ అడుగుదుంగలకే బిగించి ఉన్నాయి. లారీ టైరు కోసి ఒక్కో కాలి కిందా రబ్బరు ముక్క పెట్టాడు, బోల్టుల తలల కిందా పెట్టాడు. దాంతో ఇంజను పైకి లేచి, నీళ్లలోని పంకాను తిప్పే ఇరుసు వంకరపోయింది. ఇరుసు చేత్తో తిప్పితే తిరిగేదాకా దుంగల్ని చిత్రిక పట్టాడు. పెట్టె లోపల ఒకే ఒక్క తోలు పరిచి, రెండు చివరలా గాలికి దారి వదిలాడు.

గురువారం తిజానీ వచ్చి కూర్చుని, అంచు పలకమీద అరచెయ్యి పెట్టాడు.

"ఆపేశావేం?"

"నడుస్తూనే ఉంది బాబాయ్."

ముసలాయన చెవి ఒగ్గి విన్నాడు. "ఊఁ. పిండిమర పక్కవీధికి పోయింది."

దడి దగ్గర పడవ ఆపి, ఖమైస్ కుంపటి రాజేశాడు. చేపకు ఉప్పూ జీలకర్రా పట్టించి కాల్చి, రొట్టెమీద పెట్టి ఇచ్చాడు. తిజానీ తలకాయతో మొదలుపెట్టి, ముళ్లు ఒక్కొక్కటే తీసి నీళ్లలో వేస్తూ నెమ్మదిగా తిన్నాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు. వంగి సముద్రంలో చెయ్యి కడుక్కుని, దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని, "నా కూలి ముట్టింది" అన్నాడు.